పాత వీడియో గేమ్ క్యాసెట్ రావట్లేదా? ముందు ఊదడం ఆపండి

కార్ట్రిడ్జ్ అనాలంటారు గానీ, తొంభైల్లో బెజవాడలో వేసవి సెలవులు గడిపిన ఏ పిల్లాడూ ఆ మాట అనుండడు. మాకది క్యాసెట్. పెట్టగానే గేమ్ రాకపోతే బయటికి లాగి, పిల్లనగ్రోవి వాయించినట్టు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. వచ్చేసేది. దాంతో ఊదడమే మంత్రమని అందరం ఫిక్సయిపోయాం. అసలు సంగతేంటంటే పని చేసింది మన ఊపిరి కాదు, తీసి మళ్లీ పెట్టడం. క్యాసెట్ పిన్నులూ స్లాటు లోపలి స్ప్రింగు పిన్నులూ రాసుకుని, మధ్యలో పేరుకున్న మురికి పొర కాస్త జరిగి కరెంటు అందేది. నోటి తుంపర్లు మాత్రం ఆ పిన్నుల మీద పడి నెమ్మదిగా తినేసేవి. ఇప్పుడు పాతిక ముప్పై ఏళ్లకి పెట్టె తెరిస్తే పిన్నుల మీద పచ్చగా కనబడేదాంట్లో కొంత మన పుణ్యమే.

ఈ పని నా నెత్తిన ఎలా పడిందంటే, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిన్నివాళ్లింట్లో మంచం కిందున్న ట్రంకుపెట్టె కూడా మునిగింది. అందులో మా తమ్ముడి క్యాసెట్లు పదకొండు. పారేద్దామంటే వాడు ఒప్పుకోలేదు. వాటిని ఒక్కొక్కటే విప్పి బాగుచేస్తూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. మీవి వరదలో తడవలేదు, అటక మీద ఊరికే పడున్నాయి అంటే మీ పని ఇందులో సగమే.

మన దగ్గర ఎక్కువగా దొరికేవి, 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్ అనే గేమ్ పెట్టెను చూసి చేసిన నకళ్లు. వాటి క్యాసెట్‌కి 60 పిన్నులు, ఇటు 30 అటు 30. అదే పెట్టెని అమెరికాలో ఎన్ఈఎస్ అనే పేరుతో అమ్మారు, దాని క్యాసెట్‌కి 72. ఒకదాని స్లాటులో ఇంకోటి పట్టదు, కాబట్టి పాతవి కొనేటప్పుడు సిగ్గుపడకుండా పిన్నులు లెక్కపెట్టుకోండి.

ముందు దొంగ ఎవరో తేల్చండి

క్యాసెట్ విప్పే ముందు అసలు తప్పు దానిదేనా అని చూడాలి. ఇదే గేమ్ పెట్టెలో ఇంకో క్యాసెట్ పెట్టి చూడండి. అదీ రాకపోతే క్యాసెట్‌ని వదిలేసి పెట్టెనీ, అడాప్టర్‌నీ, వైర్లనీ అనుమానించండి. ఇంకోటి శుభ్రంగా వస్తే అప్పుడు క్యాసెట్ సంగతి. వీలైతే ఈ క్యాసెట్‌ని వేరే వాళ్ల పెట్టెలో కూడా పెట్టి చూస్తే ఇంక అనుమానమే ఉండదు. నేను మొదటి రోజు ఈ పరీక్ష చేయకుండా మూడు క్యాసెట్లు విప్పేశాను. చివరికి తేలింది ఏంటంటే టీవీలో ఏవీ (AV) ఇన్‌పుట్ బదులు హెచ్‌డీఎంఐ పెట్టి ఉంది.

అడాప్టర్ దగ్గర కాస్త జాగ్రత్త. అసలు ఫ్యామికామ్‌కి అడాప్టర్ పిన్ను మధ్యలో మైనస్ ఉంటుంది, వైఫై రూటర్ల అడాప్టర్లకి మామూలుగా మధ్యలో ప్లస్ ఉంటుంది. రెండూ ఒకేలా ఉన్నాయి, లోపలికి దూరింది కదా అని గుచ్చేస్తే అంతే సంగతులు. పెట్టె అడుగున రాసున్న ఓల్టేజీ, ప్లస్ మైనస్ గుర్తు చూసి, అడాప్టర్ మీదున్న గుర్తుతో సరిపోల్చుకున్నాకే పెట్టండి. పెట్టె లోపల ఓల్టేజీని నిలకడగా ఉంచే 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఉంటే, దాని మీద అక్షరాలు మనవైపు పెట్టి చూసినప్పుడు మధ్య కాలు గ్రౌండు, కుడికాలు అవుట్‌పుట్. ఆ రెంటి మధ్య మల్టీమీటర్‌లో 5 ఓల్టులు రావాలి. నాలుగున్నర దగ్గర ఊగిసలాడుతోందంటే బొమ్మలు చెడినా, మధ్యలో ఆగిపోయినా క్యాసెట్‌ని తిట్టకండి.

తెర చెప్పేది వినండి

ఫ్యామికామ్ క్యాసెట్లో సాధారణంగా రెండు చిప్పులుంటాయి, ఒకటి ప్రోగ్రాముకి, ఒకటి బొమ్మలకి. వాటికి వెళ్లే పిన్నులు కూడా వేరు. అందుకే మ్యూజిక్ వస్తోంది, నొక్కితే మారియో ఎగురుతున్నాడు, కానీ వాడు ముక్కలు ముక్కలుగా ఉన్నాడు, ఇటుకల బదులు అక్షరాలు కనబడుతున్నాయి అంటే ప్రోగ్రాము వైపు బాగానే ఉంది, బొమ్మల వైపు ఏదో పిన్ను అందట్లేదని అర్థం. తెరంతా ఒకే రంగు, చప్పుడు కూడా లేదు అంటే ప్రోగ్రాము వైపో, కరెంటు పిన్నో. వేలితో క్యాసెట్‌ని కాస్త కదిపితే వచ్చి, వదిలేస్తే పోతోందంటే మురికి అయినా కావాలి, సోల్డరింగ్ అయినా వదిలుండాలి. పెట్టిన నిమిషంలోనే క్యాసెట్ చెయ్యి కాలేంత వేడెక్కితే వెంటనే ఆపేయండి, లోపల షార్ట్ ఉంది. ఇంకో మాట, కొన్ని నకిలీ పెట్టెల్లో క్యాసెట్ తిరగేసి పెట్టినా దూరుతుంది. దూరింది కదా అని స్విచ్ వేయకండి.

విప్పడం

అసలు నింటెండో ఎన్ఈఎస్ క్యాసెట్లలో చాలావాటికి మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు, 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మన దగ్గరున్నవి చాలావరకు స్క్రూలే లేనివి, లోపల ప్లాస్టిక్ కొక్కేలు. కాలం చెల్లిన ఏటీఎం కార్డు ఒకటి సందులో దూర్చి, పక్కనుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా జరుపుకుంటూ రండి. టిక్ మని ఒక్కో కొక్కెం వదులుతుంది. కత్తితో మాత్రం వద్దు, కొక్కెం విరుగుతుంది, లేదా వేలు తెగుతుంది, నాకు రెండూ అయ్యాయి.

తోమడం, అంటే అసలు పని

పదకొండింట్లో ఏడు కేవలం శుభ్రం చేస్తేనే వచ్చాయి, కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

పిన్నుల మీద పట్టిన పచ్చటిదాన్ని చూసి మా పిన్ని, "అది చిలుమేగా, కాస్త చింతపండు పెట్టి తోమితే పోదురా?" అంది. ఆవిడ చెప్పింది తప్పేం కాదు, బిందెకి పట్టేదీ దీనికి పట్టేదీ ఒకటే జాతి, పులుపుకి అది పోతుంది కూడా. కాకపోతే బిందెని ఆనక నీళ్లు పోసి కడిగేస్తాం, ఇక్కడ ఆ పులుపు పిన్నుల సందుల్లో ఉండిపోయి మళ్లీ తినడం మొదలుపెడుతుంది. చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు. పెట్రోలూ థిన్నరూ అసలే వద్దు, ప్లాస్టిక్‌ని పాడుచేస్తాయి. శానిటైజర్ జెల్ కూడా పనికిరాదు, అది ఆరాక జిగురు మిగులుతుంది.

కావల్సింది ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతంది. సెల్‌ఫోన్ రిపేర్ చేసేవాళ్లు రోజూ వాడేదే, వాళ్లకి సామాను అమ్మే షాపులో ఐపీఏ అంటే చాలు. కిటికీలు తీసి పెట్టుకోండి, దగ్గర్లో పొయ్యి, అగరొత్తి లాంటివి ఉండకూడదు, ఇట్టే అంటుకుంటుంది. ఇయర్ బడ్‌ని అందులో ముంచి, కారకుండా కాస్త పిండి, పిన్నుల మీద పైనుంచి అంచు వైపుకి లాగండి. అడ్డంగా రుద్దితే ఒక పిన్ను మురికి పక్క పిన్ను మీదికి పోతుంది. మొదటి బడ్ కాటుక పెట్టినట్టు నల్లగా వస్తుంది, రెండోది బూడిద రంగు, బడ్ తెల్లగానే వచ్చేదాకా మారుస్తూ పోండి. వెనకవైపు కూడా మర్చిపోకండి. ఒక్కో క్యాసెట్‌కి నాకు ఆరేడు బడ్స్ పట్టాయి.

అప్పటికీ మచ్చలు పోకపోతే స్కూలు పిల్లలు వాడే మెత్తటి తెల్ల ఎరేజర్ తీసుకుని, పెన్సిల్ గీత చెరిపినంత బలంతోనే నాలుగైదు సార్లు రుద్ది, ఆ పొట్టు దులిపి మళ్లీ ఐపీఏ. ఎరేజర్ కూడా ఒక రకంగా గరుకే, ఎంత రుద్దితే అంత పై పూత అరుగుతుంది, అది పోతే కింద రాగి బయటపడి ఇంకా త్వరగా చిలుము పడుతుంది. గరుకు కాగితంతో రుద్ది తళతళలాడించి అమ్మేవాళ్లు ఉంటారు, అలాంటివి కొనకండి.

వరద బురద పట్టినవాటికి ముందు స్నానం చేయించాలి. బురద ఎండిపోయినా పర్లేదు, స్విచ్ మాత్రం వేయొద్దు. బోర్డు బయటికి తీసి, ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో కడగండి. బోరు నీళ్లు వద్దు, ఆరాక ఉప్పు మిగులుతుంది. బోర్డు మీద బ్యాటరీ ఉంటే ముందు దాన్ని తీశాకే నీళ్లు. తర్వాత ఐపీఏతో ఒకసారి కడిగి, ఫ్యాను కింద రెండు రోజులు. మన ఎండలో పెడితే గంటలో ఆరుతుంది నిజమే, కానీ క్యాసెట్ డొప్ప వంకర తిరిగితే ఇంక స్లాటులో కూర్చోదు. బియ్యం డబ్బాలో పెట్టమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. వద్దు, తవుడు అంటుకోవడం తప్ప ఒరిగేదేం లేదు.

స్లాటుని కూడా అలాగే శుభ్రం చేయాలి, లేకపోతే తోమిన క్యాసెట్‌కి దాని మురికి అంటుతుంది. పలచటి అట్టముక్కకి నూలుగుడ్డ చుట్టి, ఐపీఏతో తడిపి, క్యాసెట్ పెట్టినట్టే పెట్టి తీస్తూ ఉండండి. కరెంటు తీసేశాకే సుమా. లోపల ఏదైనా పిన్ను పడుకునుంటే సూదితో నెమ్మదిగా లేపండి. ఒక్కసారే లేపుదామని చూస్తే విరుగుతుంది.

శుభ్రం చేసినా రాకపోతే

ఇక్కడ్నుంచి మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ కావాలి. మీటర్‌ని బీప్ వచ్చే కంటిన్యుటీలో పెట్టి, మీటర్ వైర్ల చివరుండే పుల్లల్లో ఒకటి క్యాసెట్ పిన్ను మీద, రెండోది ఆ పిన్ను నుంచి బోర్డు మీది రాగి గీత వెళ్లి కలిసే చిప్పు కాలు మీద పెట్టండి. బీప్ వస్తే ఆ దారి బాగుంది. అలా వరసగా అన్నీ. విసుగే, కానీ తెర మీద చూసిన లక్షణాన్ని బట్టి బొమ్మల వైపా, ప్రోగ్రాము వైపా అని ముందే అనుకుంటే సగం పని తగ్గుతుంది. పక్కపక్క పిన్నుల మధ్య బీప్ వస్తే అక్కడ లెడ్ ముక్కో, బురదో అడ్డం పడిందేమో భూతద్దం పెట్టి చూడండి.

చిప్పు కాలు చుట్టూ సోల్డర్‌లో సన్నటి ఉంగరంలా చీలిక కనబడితే అదే జబ్బు. 25 వాట్ల ఐరన్ చాలు. సోల్డర్ బాగా పట్టడానికి రాసే ఫ్లక్స్ కాస్త రాసి, మొన ఆనించి, పాత సోల్డర్ కరిగి మెరవగానే, అంటే రెండు మూడు సెకన్లలో తీసేయండి. ఎక్కువసేపు పెడితే కింద రాగి రేకు బోర్డు నుంచి ఊడొస్తుంది, అప్పుడు చిన్న రిపేర్ పెద్దదవుతుంది. గీతే తెగిపోతే పాత ఇయర్‌ఫోన్ వైర్లో ఒక్క పోగు తీసి, దాని పూత కాల్చి, ఆ చివరకీ ఈ చివరకీ అతికించండి. మావాడి ట్యాంకుల గేమ్ ఇలా ఒక్క వెంట్రుకంత వైరు మీద నడుస్తోంది.

విప్పగానే చిప్పుల బదులు దిష్టిచుక్కలా నల్లటి ముద్ద ఒకటో రెండో కనబడితే కంగారు పడకండి, నకిలీ క్యాసెట్లు చాలావరకు అంతే, చిప్పు ఆ ముద్ద కింద ఉంటుంది. దానికి వెళ్లే గీతలు బాగుచేయొచ్చు గానీ ముద్ద లోపల పోతే చేసేదేం లేదు. దాన్ని గీకొద్దు, వేడి చేయొద్దు. పదకొండింట్లో ఒకటి అలాగే పోయింది. పైన లక్షల గేములని అంకెలు వేసిన క్యాసెట్ అది, లోపల ఉన్నవి నాలుగైదే, అవే మళ్లీ మళ్లీ వేరే పేర్లతో. పోయినా పెద్ద బాధ అనిపించలేదు.

గేమ్ వస్తోంది గానీ సేవ్ నిలవట్లేదంటే అది బ్యాటరీ గొడవ. గేమ్‌బాయ్ పోకెమాన్ లాంటి వాటిలో 3 ఓల్టుల బటన్ సెల్ ఉంటుంది, అది అయిపోతే సేవ్ పోతుంది. పాత సెల్ మీద ఏ నంబరుంటే అదే, కాళ్లు అతికించి ఉన్నదే అడిగి కొనండి. మామూలు సెల్ మీద నేరుగా ఐరన్ పెడితే పేలొచ్చు. ప్లస్ మైనస్ ముందే ఫోటో తీసుకోండి. పాతది తీయగానే అందులో ఉన్న సేవ్ కూడా పోతుంది, కాబట్టి క్యాసెట్ మీది కాకపోతే అడిగి చేయండి. తీసిన సెల్ పిల్లల చేతికి అందనివ్వకండి, మింగితే ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే.

అంతా అయ్యాక ఒక్కో క్యాసెట్‌నీ జిప్ కవర్లో, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి పెట్టండి. అటక మీద కాదు, మన మే నెల వేడికి అక్కడ లేబుళ్లు ఊడిపోతాయి.

ఇక బాతుల గేమ్. అన్నీ శుభ్రం చేసి పెడితే బాతులు వచ్చాయి, కుక్క నవ్వింది, తుపాకీ మాత్రం ఒక్క బాతునీ కొట్టలేదు. దాని కోసం రెండు సాయంత్రాలు పాడుచేసుకోకండి, అది క్యాసెట్ తప్పూ కాదు, తుపాకీ తప్పూ కాదు. ఆ తుపాకీ పాత డబ్బా టీవీ తెర వెలిగే తీరుని చూసి పనిచేస్తుంది, ఎల్ఈడీ టీవీతో దానికి పొసగదు. పిన్నివాళ్ల డబ్బా టీవీ వరదలోనే పోయింది. మావాడు ఇప్పుడు పాత టీవీ కోసం వెతుకుతున్నాడు.