కారు బ్లోవర్ మోటారును ఇంట్లోనే బాగుచేసుకోవడం – మూడో పాఠం: మోటారు విప్పడం, బ్రష్‌లు మార్చడం

హీటరుకూ ఏసీకీ గాలి తోసే బ్లోవర్ మోటారు ఆగిపోతే ఏం చూడాలో చెప్పిన గత రెండు పాఠాల్లో ఫ్యూజు, రిలేలను పరీక్షించడం, కనెక్టరు దాకా కరెంటు వస్తున్నదో లేదో టెస్ట్ లాంపుతో చూడటం నేర్చుకున్నాం. స్విచ్చు వేసినప్పుడు కనెక్టరు రెండు పిన్నుల మధ్య 12 వోల్టులు అందుతున్నా మోటారు తిరగకపోతే, లేదా గ్లోవ్ బాక్సు కింద చేత్తో తట్టగానే తిరగడం మొదలుపెడితే, లోపం మోటారులోనే ఉన్నదని నమ్మవచ్చు. తట్టితే తిరిగే మోటారు ఇంకా చావలేదు. చాలాసార్లు దానిలో కార్బన్ బ్రష్ (తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్క) అరిగి పొట్టిదై, వెనక ఉన్న స్ప్రింగు దానిని కమ్యుటేటరుకు, అంటే ఇరుసు చుట్టూ ఉండే రాగి పలకల వలయానికి, గట్టిగా ఆనించలేకపోతున్నదన్న మాట. కొత్త మోటారుకు వేలల్లో అడిగే చోట బ్రష్‌ల జత అందులో చిన్న భాగానికే దొరుకుతుంది కాబట్టి, విప్పి చూడకుండా మోటారు మార్చడం వృథా ఖర్చేనని నా అభిప్రాయం.

మన ప్రాంతంలో హీటరుతో పనేముందని కొందరు అడుగుతారు. హీటరుకైనా ఏసీకైనా గాలి తోసేది ఈ ఒక్క మోటారే. మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటిన రోజున అది ఆగితే ఏసీ ఉండీ లేనట్టే. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నార్కట్‌పల్లి, చిట్యాల మీదుగా 65వ నంబరు జాతీయ రహదారిపై పొగమంచులో వెళ్తూ ముందు అద్దానికి లోపల ఆవిరి పట్టినప్పుడు అది ఆగితే దారే కనిపించదు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగను తప్పనిసరిగా విప్పండి. గ్లోవ్ బాక్సు పైనే ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ ఉండే కార్లలో, తీగ విప్పాక కనీసం పది నిమిషాలు ఆగి, పసుపు రంగు కనెక్టర్ల జోలికి వెళ్లకుండా పని చేయాలి. మన కార్లలో మోటారు సాధారణంగా ఎడమవైపు, గ్లోవ్ బాక్సు వెనక కింది భాగంలో ఉంటుంది. మూడు స్క్రూలు, ఒక కనెక్టరు, కొన్నింటిలో మోటారును చల్లబరిచే సన్నని రబ్బరు గొట్టం విప్పితే ఫ్యానుతో సహా కిందికి దిగుతుంది. ఆ గొట్టం ఎక్కడ నుంచి ఎక్కడికి వెళ్లిందో ముందే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

దించగానే ఫ్యాను రెక్కల మధ్య చూడండి. వేప చెట్టు కింద నిలిపే కారులో ఎండిన ఆకులు, ఈనెలు ముందు అద్దం కింది జాలి గుండా లోపలికి జారి ఫ్యానులో పడతాయి. మిర్యాలగూడ వైపు రైసు మిల్లుల దగ్గర తిరిగే బండిలో ఊక దుమ్ము పేరుకుంటుంది. మెత్తని బ్రష్షుతో దులపండి. అంచున చిన్న ఇనుప క్లిప్పు కనిపిస్తే పీకవద్దు; అది ఫ్యాను ఊగకుండా తూకానికి పెట్టినది.

ఇక మోటారు విప్పాలి. ముందుగా ఫ్యాను ఇరుసు మీద ఎంత లోతున ఉన్నదో కొలిచి గుర్తు పెట్టుకోండి. రెండు స్క్రూడ్రైవర్లను ఎదురెదురుగా ఇరుసు పక్కన పెట్టి కొద్దికొద్దిగా లేపితే ఫ్యాను వస్తుంది. రెక్కలను పట్టి లాగితే విరుగుతాయి. తరువాత మోటారు డొప్ప మీద, మూత మీద కలిసేలా ఒక గీత గీయండి. మడిచిన రేకు చెవులను నోస్ ప్లైయరుతో మెల్లగా నిటారు చేసి మూత తీయండి. లోపలి అయస్కాంతాలు ఆర్మేచరును (ఇరుసుతో పాటు తిరిగే, రాగి తీగ చుట్టిన భాగాన్ని) గట్టిగా లాగుతాయి, వేళ్లు జాగ్రత్త. ఇరుసు చివర్లలో ఉండే పల్చని వాషర్లను వచ్చిన వరుసలోనే పక్కన పేర్చుకోవాలి. ఒక్కటి తప్పినా ఆర్మేచరు ముందుకు వెనక్కి ఆడి చప్పుడు చేస్తుంది.

ఇప్పుడు కమ్యుటేటరును వెలుతురులో తిప్పుతూ చూడండి. రాగి పలకలన్నీ ఒకే తీరుగా గోధుమ రంగులో, నునుపుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆ రంగును గీకి తీయవద్దు. ఒకటి రెండు పలకలు మాత్రమే నల్లగా గుంటలు పడి కాలి ఉంటే వాటికి కలిసిన రాగి తీగ చుట్ట తెగి ఉండవచ్చు. మల్టీమీటరుతో పక్కపక్క పలకల మధ్య చూస్తే అన్ని జతలకూ దాదాపు ఒకే రీడింగు రావాలి. ఏ పలకకూ ఇరుసుకూ మధ్య కనెక్షను ఉండకూడదు. ఈ రెండింటిలో ఏది తప్పినా బ్రష్‌ల మీద డబ్బు పెట్టవద్దు, మంచి పాత మోటారు వెతకడమే మేలు. మసి మాత్రమే ఉంటే 600 నంబరు లేదా అంతకన్నా సన్నని సాండ్ పేపరును పట్టీగా చుట్టి ఆర్మేచరును తిప్పుతూ రుద్దండి. పలకల మధ్య సందుల్లో చేరిన రాగి పొడిని, బొగ్గు పొడిని సన్నని పుల్లతో తప్పక తీయాలి, లేకపోతే పక్క పలకలు కలిసిపోతాయి. పెట్రోలుతో కడగవద్దు, ఆవిరి మిగిలితే బ్రష్ నిప్పురవ్వకు అంటుకుంటుంది.

బ్రష్‌ల విషయంలోనే చాలామంది పొరపడతారు. బోరు మోటార్లు, మిక్సీలు బాగుచేసే వైండింగ్ షాపులు మన ఊళ్లలో ఎక్కడైనా ఉన్నాయి, అక్కడ కొలతకు సరిపోయే బ్రష్ వెంటనే దొరుకుతుంది. కానీ మిక్సీ బ్రష్ 230 వోల్టుల కోసం చేసిన గట్టి బొగ్గు. 12 వోల్టుల మోటారులో అది కరెంటును సరిగా పోనివ్వక వేడెక్కుతుంది, గాలి నీరసంగా వస్తుంది. ఆటో ఎలక్ట్రికల్ షాపులో పాత బ్రష్ చూపించి, రాగి కలిసిన కారు బ్రష్ అడగండి. అరిగిన ముఖాన్ని వెలుతురుకు పట్టితే రాగి మెరుపు కనిపించాలి. కొలత కొంచెం పెద్దదైతే చదునైన బల్ల మీద సాండ్ పేపరు పరిచి సమంగా అరగదీయవచ్చు. గూట్లో బిగుసుకోకుండా, వదులై ఆడకుండా, దాని బరువుకే జారేలా ఉండాలి. బ్రష్ తీగను సాల్డరు చేసేటప్పుడు కరిగిన సీసం ఆ తీగ పొడవునా పాకితే తీగ కర్రలా బిగిసి బ్రష్‌ను కదలనివ్వదు కాబట్టి, కొస దగ్గరే త్వరగా అతికించండి.

కీచుమనే మోటారు అయితే ఇరుసు రెండు చివర్లా దానిని పట్టి ఉంచే బుష్‌లకు కుట్టు మిషను నూనె ఒక్కొక్క చుక్క చాలు. ఎక్కువైతే నూనె కమ్యుటేటరు మీదికి పాకి బొగ్గు పొడితో కలిసి బురదవుతుంది. బిగించేటప్పుడు బ్రష్‌లను సన్నని తీగతో వెనక్కి పట్టి ఉంచి, ఆర్మేచరు కూర్చున్నాక తీగ లాగేయాలి. గీతలు కలిపి మూత మూసి, ఫ్యానును పాత లోతుకే నొక్కండి.

కారులో బిగించే ముందు, పాజిటివ్ తీగలో 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, మోటారును గట్టిగా పట్టుకుని బ్యాటరీకి తగిలించి చూడండి. వేగాన్ని కంట్రోలు బోర్డు మోటారు లోపలే నడిపే ఆటోమేటిక్ ఏసీ కార్లకు ఈ పరీక్ష పనికిరాదు. తీగలు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, చప్పుడు వస్తుంది కానీ గాలి అంతంతే. సరిగా తిరిగితే రబ్బరు గొట్టంతో సహా బిగించి, మొదటి పావుగంట తక్కువ వేగంలోనే నడపండి. కొత్త బ్రష్ ముఖం కమ్యుటేటరు వంపుకు తగ్గట్టు అరిగి కుదురుకోవడానికి ఆ సమయం కావాలి.

ఇంత చేసినా బ్లోవర్ చివరి నంబరులో మాత్రమే పనిచేసి మిగతా వేగాల్లో కదలకపోతే మోటారును మళ్లీ విప్పకండి. ఆ లక్షణం, కరెంటును తగ్గించి తక్కువ వేగాలను ఇచ్చే రెసిస్టరుది. దానిని గాలి దారిలోనుంచి తీసి పరీక్షించడం నాలుగో పాఠంలో.