బరంపురం నుంచి కోరాపుట్ దాకా: ఫాల్గుణంలో ఇద్దరి కారు ప్రయాణం

ఒడిశాలోని ఈ దారికి మంచి కాలం శివరాత్రి దాటాక మొదలై ఉగాదితో అయిపోతుంది. అంతకంటే ముందు వెళితే కోరాపుట్ వైపు పొద్దెక్కినా మంచు విడవదు. ఉగాది దాటితే బరంపురం, పర్లాకిమిడి పల్లంలో ఉక్కపోత పట్టుకుంటుంది. ఆ మధ్య రోజుల్లో మోదుగ పూసి ఉంటుంది, మామిడి పిందె పడుతుంది, ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. ఒక పట్నం, ఆ వెనక కొండలు, చివర కాఫీ తోటలూ జీలుగు (తాటి జాతి చెట్టు) కల్లూ ఉన్న మన్యం. ఇద్దరికి 5 రాత్రులు కావాలి. 4 రాత్రులకు కుదిస్తే పర్లాకిమిడో దేవమాలి కొండో వదులుకోవాల్సిందే.

ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో లెక్కేస్తే మోసపోతాం. ఫోన్‌లో మ్యాపు 3 గంటలంటే ఘాట్ రోడ్డు మీద నాలుగున్నర వేసుకోండి. వీలైనంతవరకు రోజుకు 120 కిలోమీటర్లకు మించి పెట్టుకోవద్దు. పొద్దున 6కి బయల్దేరి సాయంత్రం 4కల్లా బస చేరిపోవాలి. చీకటి పడ్డాక మలుపు అవతల పశువులు పడుకుని ఉంటాయి, టెయిల్ లైటు లేని ట్రాక్టరు ఎదురవుతుంది. గజపతి జిల్లా అడవి దారుల్లో ఏనుగులు కూడా తిరుగుతాయి.

బయల్దేరే ముందు కారు

టైర్ల గాలి కారు కదలకముందే, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నడిచి వేడెక్కిన టైరులో ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువవుతుంది. స్టెప్నీలో గాలి చూడటం చాలామంది మరిచిపోతారు. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటితే మార్పించండి. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కితే ఆ తేమ మరిగి ఆవిరవుతుంది, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు.

దిగుడులో సూత్రం ఒకటే: ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలి. ఎక్కువ మలుపులకు రెండో గేరు సరిపోతుంది. ఆటోమేటిక్ అయితే 'ఎల్' (లో గేరు) లేదా మాన్యువల్ మోడ్‌లో పెట్టండి. న్యూట్రల్‌లో జారవిడిచి పెట్రోలు ఆదా చేద్దామన్న ఆలోచన రానివ్వకండి. కాలిన వాసన వచ్చిందంటే వెడల్పు చోటు చూసి ఆపి, 20 నిమిషాలు వదిలేయండి. ఆత్రంలో చక్రాల మీద నీళ్ళు పోస్తే వేడి డిస్కు వంగిపోతుంది. ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోతే ఏసీ ఆపండి. అప్పటికీ తగ్గకపోతే కారు ఆపండి గానీ రేడియేటర్ మూత మాత్రం తియ్యొద్దు. ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కుతున్న బండికే దారివ్వాలి.

పెట్రోలు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, సిమిలిగుడ ఊళ్ళలో దొరుకుతుంది. సగానికి తగ్గినప్పుడల్లా నింపేసుకోండి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి, కొండల మధ్య సిగ్నల్ పోతుంది. లాడ్జీలో ఇద్దరి ఆధార్ కార్డులూ అడుగుతారు. సంతల్లో చిల్లరే నడుస్తుంది కాబట్టి పదులూ ఇరవైలూ ఓ కట్ట ఉంచుకోండి.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ

బరంపురంలో ఒక రోజు చాలు. పొద్దున ఇడ్లీ, వడ తిని, పట్టు చీరలు నేసే వీధులు చూసి, సాయంత్రం 16 కిలోమీటర్ల దూరంలోని గోపాలపురం తీరానికి వెళ్ళండి. చైత్రంలో ఠాకురాణి జాతర జరిగే ఏడాదైతే (రెండేళ్ళకోసారి వస్తుంది) పాత ఊరి వీధుల్లోకి కారు పోదు. బస ఊరి బయట తీసుకోవడం మేలు.

రెండో రోజు దిగపహండి మీదుగా తప్తపాణి, బరంపురానికి 50 కిలోమీటర్లు. గంధకపు వేడినీటి ఊట అది. స్నానం కొలనులో 10 నిమిషాలు చాలు, తర్వాత నీళ్ళు బాగా తాగండి. ఎక్కువసేపు ఉండి వెంటనే స్టీరింగు పట్టుకుంటే తల తిరుగుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. అక్కణ్ణుంచి మోహన దాటి చంద్రగిరి. 1960లలో వచ్చి స్థిరపడ్డ టిబెటన్ల ఊళ్ళు ఇక్కడున్నాయి. జిరంగ్‌లోని బౌద్ధ మఠం పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. మధ్యాహ్నం భోజనానికి మోమోలు, తుక్పా తినండి.

రాత్రికి పర్లాకిమిడి. రాజావారి కోట, కొమ్ము బొమ్మలు చేసే పనివాళ్ళు, గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు. సవర భాషను ఆయన పట్టుదలగా నేర్చుకుని, రాసి పెట్టింది ఈ చుట్టుపక్కల కొండల్లో తిరిగే. తెలుగువాళ్ళం ఈ ఊళ్ళో ఒక పూట ఉండటానికి ఆ ఒక్క సంగతి చాలు. ఇక్కడ తెలుగు అంతటా నడుస్తుంది. మహేంద్రగిరి (1501 మీటర్లు) ఎక్కాలంటే ఇంకో రోజు కలుపుకోవాలి, శివరాత్రి జనం తగ్గాకే వెళ్ళాలి.

పర్లాకిమిడి నుంచి గుణుపురం మీదుగా రాయగడ నూరు కిలోమీటర్ల పైచిలుకు. గుణుపురం దాకా వంశధార పక్కన సాగే తేలిక దారి. రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని ఆ రాత్రికి అక్కడే ఆగండి.

కాఫీ తోటలు

రాయగడ నుంచి లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మీదుగా కోరాపుట్. లారీల దారి ఇది. లారీ వెనక ఓపిగ్గా ఉండండి, డ్రైవరు చెయ్యి ఊపాడని గుడ్డిగా దాటొద్దు. ముందు రోడ్డు మీ కంటికి కనబడాలి.

కోరాపుట్‌లో కాఫీ 1930లో జయపురం మహారాజు నాటించడంతో మొదలైంది. తర్వాత మాచ్‌ఖండ్ జలాశయంలోకి మట్టి కొట్టుకుపోకుండా భూసార సంరక్షణ శాఖ వాళ్ళు తోటలు పెంచారు. సిల్వర్ ఓక్ నీడన అరబికా, ఆ చెట్లకు పాకించిన మిరియం. కాయ కోత అప్పటికి అయిపోతుంది గానీ ఈ కాలంలో అంతకంటే మంచిది చూడొచ్చు, కాఫీ పూత. ఒక అంగుళం వాన పడితే 8, 10 రోజులకు కొమ్మ పొడవునా తెల్లగా, మల్లెల వాసనతో విచ్చుకుని 3, 4 రోజుల్లో వాడిపోతుంది. బయల్దేరే ముందు వారం కోరాపుట్‌లో వాన పడిందేమో లాడ్జీకి ఫోన్ చేసి కనుక్కోండి. పడితే ప్రయాణం రెండ్రోజులు అటూ ఇటూ జరుపుకున్నా నష్టం లేదు. తోటలోకి అడిగే వెళ్ళాలి, పూత ఉన్న కొమ్మను పట్టుకుని లాగకూడదు, ఆ పూలే వచ్చే ఏడు కాయలు.

కాఫీ కొనేటప్పుడు వేయించిన తేదీ చూడండి. నెల లోపు గింజలే కొని ఇంట్లో పొడి చేసుకుంటే వాసన నిలుస్తుంది. చికోరీ కలపని అరబికాతో డికాక్షన్ మనకు అలవాటైనంత చిక్కగా దిగదు. పొడి ఒకటిన్నర రెట్లు వేసి, ఫిల్టరులో గట్టిగా నొక్కకుండా, కాగి ఒక నిమిషం ఆగిన నీళ్ళు పొయ్యండి. ముందు పాలు లేకుండా ఒక గుక్క తాగి చూడండి.

జీలుగు, ఇప్ప

జీలుగు చెట్టుకు కణుపుల దగ్గర కొమ్మల మొదళ్ళు మిగిల్చిన ఒంటి వెదురును నిచ్చెనగా కట్టి ఉంటుంది. గీత కార్మికుడు దాని మీద కాలి వేళ్ళతో ఎక్కి, పూగెల కొసను పల్చగా చెక్కి, కుండ మార్చి దిగుతాడు. తెల్లవారి దింపిన కల్లు తియ్యగా ఉంటుంది. ఎండెక్కే కొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. కొన్ని చోట్ల ఘాటు కోసం చెట్ల బెరడు కూడా వేస్తారు, అడిగి తాగండి. కారు ఆ రోజు కదలని ఊళ్ళోనే తాగాలి. తాగాక ఇద్దరిలో ఎవరూ తాళం ముట్టుకోకూడదు. పొద్దుటి కల్లే కదా అనుకోవద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇప్పసారా పేరుతో రోడ్డు పక్క సీసాల్లో అమ్మేది ముట్టుకోవద్దు, అందులో ఏం కలిపారో ఎవరూ చెప్పలేరు. కారులో పెట్టుకుని రాష్ట్రం దాటితే చెక్‌పోస్టులో కేసు.

ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. ఆ వేళ చెట్ల కింద ఆడవాళ్ళు, పిల్లలు బుట్టలతో ఏరుతుంటారు, రోడ్డు పక్క చెట్టు కనబడితే వేగం తగ్గించండి. పూలు కనబడాలని చెట్టు కింద ఎండుటాకులు కాలుస్తారు, పోడు మంటలూ ఈ రోజుల్లోనే. అందుకే మధ్యాహ్నానికి కొండలన్నీ పొగలో మునిగి ఉంటాయి. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన దేవమాలి (1672 మీటర్లు) మీదికి సూర్యోదయానికే చేరాలి. సిమిలిగుడలో పడుకుని చీకటితోనే లేవండి. ఈ ఒక్క రోజుకు చీకట్లో నడపక తప్పదు కాబట్టి ముందు రోజు సాయంత్రమే ఆ దారి ఒకసారి చూసుకోండి. పైన గాలి కోతగా ఉంటుంది, శాలువాలు తప్పనిసరి.

గురువారం ఒనకడిల్లి సంతకు వెళ్ళాలనుకుంటే బోండా తెగ మనుషులకు ఫోటోలు తియ్యొద్దు. పూసలు, చింతపండు, పసుపు ఏదైనా కొనండి, బేరం గీచి గీచి ఆడొద్దు.

తిరుగు దారి దేవమాలి నుంచి పొట్టంగి, సుంకి ఘాట్ దిగి సాలూరు. వాంతులయ్యేవాళ్ళు ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు చూడాలి, ఫోన్ చూడకూడదు. దిగే ముందు కడుపు నిండా తినకుండా రెండు ఇడ్లీలతో సరిపెట్టండి.

గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మలేరియా ఉంది, ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, దోమల మందు, పడుకునేటప్పుడు వల. ఇంటికొచ్చిన నెల లోపు ఇద్దరిలో ఎవరికి జ్వరం వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించి, మన్యం వెళ్ళొచ్చామని డాక్టరుకు ముందే చెప్పండి.