కాలిక్యులేటర్ పేరు లాగ్‌లో ఎందుకు రాలేదంటే

గుంటూరు అరండల్‌పేటలో మా బావకి డీటీపీ షాపు ఉంది. ఒక్కో పెళ్లికార్డుకి ఫొటోషాప్‌లో ఎంతసేపు పడుతోంది, వర్డ్‌లో ఎంతసేపు అని తెలిస్తే రేటు సరిగ్గా చెప్పొచ్చు, ఏదైనా చేసిపెట్టరా అన్నాడు, సరేనని పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను, ఏ అప్లికేషన్ ఎంతసేపు వాడారో లాగ్‌లో, అంటే ఒక రికార్డు ఫైల్‌లో, రాసిపెట్టేది.

ముందు విండో టైటిల్ చూసి అప్లికేషన్‌ని పట్టుకుందామనుకున్నా, కానీ ఫైల్ మారితే టైటిలూ మారిపోతుంది, అందుకని అది వదిలేసి విండోస్ ఇచ్చే ఫంక్షన్లు వాడాను: గెట్‌ఫోర్‌గ్రౌండ్‌విండోతో ముందున్న విండో, గెట్‌విండోథ్రెడ్‌ప్రాసెస్‌ఐడీతో దాని ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) నంబరు, ఆ నంబరు నుంచి ఈఎక్స్ఈ, అంటే ప్రోగ్రామ్ ఫైల్, పేరు రాబట్టాను. బాగానే పనిచేసింది. సాయంత్రం లాగ్ తెరిస్తే మాత్రం కాలిక్యులేటర్ వాడిన టైమంతా "అప్లికేషన్‌ఫ్రేమ్‌హోస్ట్" పేరు మీద పడి ఉంది!

రెండు రాత్రులు టెన్షన్. విషయం ఏంటంటే, విండోస్ 10లో కాలిక్యులేటర్ లాంటి మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లకి బయటి ఫ్రేమ్ ఒక ప్రాసెస్‌ది, లోపలున్న అసలు యాప్ వేరే ప్రాసెస్‌ది. కాబట్టి ఆ పేరు వచ్చినప్పుడల్లా ఎనమ్‌చైల్డ్‌విండోస్ అనే ఫంక్షన్‌తో లోపలి విండోలు వెతికి, ప్రాసెస్ నంబరు తేడాగా ఉన్నదాన్ని తీసుకోవాలి. ఇంకోటి, విండో మారే క్షణంలో అసలు ఏ విండో రాకపోవచ్చు, అప్పుడు పాత పేరే ఉంచాను. సెకనుకోసారి అడిగే బదులు విండో మారగానే విండోసే కబురు పంపేలా సెట్‌విన్‌ఈవెంట్‌హుక్ పెట్టాను, దానికి ఆ కబుర్లు అందుకునే మెసేజ్ లూప్ ప్రోగ్రామ్‌లో నడుస్తూ ఉండాలి, లేకపోతే ఒక్క కబురూ అందదు.

నిన్న బావ స్క్రీన్ మీద "కాలిక్యులేటర్, 14 నిమిషాలు" అని కనబడింది.