ఆన్‌సైట్‌కి జర్మనీ వెళ్తున్నారా? టికెట్ బుక్ చేసే ముందు రోజులు లెక్కపెట్టుకోండి

జీతం హైదరాబాద్ అకౌంట్‌లోనే పడుతోంది, టీడీఎస్ ఇక్కడే కట్ అవుతోంది, మరి పన్ను గురించి ఆలోచించాల్సింది ఏముంది? ఆరేడు నెలల పనికి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లేటప్పుడు నేనూ ఇలాగే అనుకున్నాను. కంపెనీ చూసుకునేది దాని టీడీఎస్ వరకే. మీ రిటర్న్ బాధ్యత మీదే.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు మీరు ఇండియాలో ఎన్ని రోజులున్నారనేది. ఉద్యోగం కోసం దేశం దాటే భారత పౌరుడు ఆ ఏడాది ఇక్కడ 182 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే రెసిడెంట్ (ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించాలి), తక్కువైతే నాన్ రెసిడెంట్ (ఇక్కడి ఆదాయం మీదే పన్ను). 2025 సెప్టెంబర్ 10న శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కి మార్చి దాకా తిరిగి రాకపోతే 163 రోజులే, అదే అక్టోబర్ 5న ఎక్కితే 188. అంటే మూడున్నర వారాల తేడాతో పన్ను లెక్క మొత్తం మారిపోతుంది. వెళ్లిన రోజు, దిగిన రోజు రెండూ ఇండియాలో ఉన్నట్టే లెక్కేసుకుంటే సేఫ్. పాస్‌పోర్ట్ స్టాంపులు స్కాన్ చేసి పెట్టుకోండి, బోర్డింగ్ పాసులు పారేయొద్దు.

ఇక జర్మనీ వైపు. పని జర్మనీలో చేస్తే ఆ జీతం మీద పన్ను అడిగే హక్కు జర్మనీకి ఉంటుంది, డబ్బు ఏ దేశపు బ్యాంకులో పడిందన్నది అక్కడ ముఖ్యం కాదు. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందంలో ఒక మినహాయింపు ఉంది కానీ దానికి మూడు షరతులూ కలవాలి: అక్కడ 183 రోజులు దాటకూడదు, జీతం ఇచ్చే కంపెనీ జర్మనీది కాకూడదు, ఆ జీతం ఖర్చు అక్కడి బ్రాంచి మీద పడకూడదు. చాలామంది మూడోది అడగరు. వెళ్లే ముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి, నా జీతం ఖర్చును జర్మనీ ఆఫీసుకు బిల్ చేస్తున్నారా అని రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. అదే మెయిల్‌లో ఈపీఎఫ్‌ఓ (మన పీఎఫ్ చూసే సంస్థ) ఇచ్చే సర్టిఫికేట్ ఆఫ్ కవరేజ్ గురించీ అడగండి, అది ఉంటే పీఎఫ్ ఇక్కడ కడుతూ అక్కడ మళ్లీ పెన్షన్ వాటా కట్టక్కర్లేదు.

మీరు ఇక్కడ రెసిడెంట్ అయి, జర్మనీలోనూ పన్ను కట్టాల్సి వస్తే, మొత్తం ఆదాయం ఇండియా రిటర్న్‌లో చూపించి అక్కడ కట్టినదానికి క్రెడిట్, అంటే ఇక్కడి పన్నులో తగ్గింపు, తీసుకోవాలి. దానికి ఫారం 67 ఆన్‌లైన్‌లో వేయాలి. 2025-26 ఆదాయానికైతే 2027 మార్చి 31 లోపు, కానీ రిటర్న్‌తో పాటే వేసేస్తే మర్చిపోయే ప్రమాదం ఉండదు. అసలు చిక్కు క్యాలెండర్ దగ్గర వస్తుంది: వాళ్లకి జనవరి నుంచి డిసెంబర్, మనకి ఏప్రిల్ నుంచి మార్చి. అందుకే వాళ్లిచ్చే వార్షిక సర్టిఫికేట్ ఒక్కటే సరిపోదు, ఏ నెలలో ఎంత కట్ అయిందో చెప్పే పేస్లిప్పులు కావాలి. యూరోలను రూపాయల్లోకి మార్చడానికి గూగుల్ రేటు వాడొద్దు. పన్ను కట్టిన నెలకి ముందు నెల చివరి రోజున ఎస్‌బీఐ టీటీ బయ్యింగ్ రేటు (బ్యాంకు విదేశీ కరెన్సీ కొనే రేటు) ఎంతుందో అదే వాడాలి. రెండు దేశాల పన్నుల్లో ఏది తక్కువో అంతవరకే క్రెడిట్, మిగిలింది ఇండియా వెనక్కి ఇవ్వదు.

నాన్ రెసిడెంట్ అయితే అక్కడ చేసిన పనికి వచ్చిన జీతం మీద ఇక్కడ పన్ను ఉండకూడదు. కానీ ఆ జీతం నేరుగా ఇండియా అకౌంట్‌లో పడితే, ఇక్కడే అందుకున్నారు కాబట్టి పన్ను కట్టాలని డిపార్ట్‌మెంట్ అడగొచ్చు. అప్పుడు ఒప్పందం కింద మినహాయింపు కోరడానికి మీరు పన్ను లెక్కలో అక్కడి రెసిడెంట్ అని జర్మనీ ట్యాక్స్ ఆఫీసు ఇచ్చే రెసిడెన్సీ సర్టిఫికేట్ కావాలి. అక్కడ ఉండగానే అప్లై చేయండి, తిరిగొచ్చాక తెప్పించుకోవడం కష్టం.

తిరిగొచ్చే ఏడాది ఇంకో మెలిక ఉంది. ఉద్యోగానికి వెళ్లే ఏడాదికి ఇచ్చిన 182 రోజుల వెసులుబాటు అప్పుడు పనిచేయదు. అంతకు ముందు నాలుగేళ్లలో ఇక్కడ మొత్తం 365 రోజులు ఉన్నవాళ్లు రెసిడెంట్ అవ్వడానికి 60 రోజులు చాలు. జనవరి 20న దిగి ఇక్కడే ఉంటే మార్చి 31కి 71 రోజులు, రెసిడెంట్ అయిపోయినట్టే. ఇంకొన్ని రోజులు ఆగి ఫిబ్రవరి 5న దిగితే 55 రోజులే, ఆ ఏడాది మధ్యలో సెలవులకి వచ్చి ఉండకపోతే.

రిటర్న్ విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. కంపెనీ ఇచ్చే టీడీఎస్ సర్టిఫికేట్ ఫారం 16 చూసి, మామూలు జీతగాళ్ల రిటర్న్ ఫారం ఐటీఆర్-1 వేసేశాను, తర్వాత రివైజ్ చేయాల్సి వచ్చింది. విదేశీ ఖాతా ఉన్న రెసిడెంట్ ఐటీఆర్-2 వేసి, అందులోని విదేశీ ఆస్తుల పట్టిక షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఆ ఖాతా చూపించాలి, ఖాతాలో 200 యూరోలే ఉన్నా సరే. ఆ షెడ్యూల్‌లో వివరాలు డిసెంబర్ 31తో ముగిసే ఏడాదికి ఇవ్వాలి. చూపించకపోతే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. 2024 అక్టోబర్ నుంచి, స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షలు దాటనివాళ్లకి ఆ జరిమానా తీసేశారు కానీ చూపించే బాధ్యత అలాగే ఉంది.

పైన చెప్పిన ఫారాలు 2025-26 ఆదాయానికి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 1961 చట్టం బదులు కొత్త చట్టం వర్తిస్తుంది కాబట్టి, అప్పటి రిటర్న్ వేసేటప్పుడు సెక్షన్లు, ఫారాల నంబర్లు పోర్టల్‌లో చూసి సరిచూసుకోండి.