కోవర్కింగ్ కోసం బిల్డింగు అద్దెకు – 3వ పాఠం: సీట్లు ఇచ్చే హక్కు, లాక్-ఇన్, అద్దె పెంపు

గత పాఠంలో టేపుతో లోపలి కొలత తీశాం. కోవర్కింగ్ అంటే ఒక చోటు అద్దెకు తీసుకుని, అందులో సీట్లు వేరేవాళ్లకి రుసుముకి ఇచ్చే వ్యాపారం. అదే ఉదాహరణ పట్టుకుని ముందుకెళ్దాం. విజయనగరంలో రింగ్ రోడ్డు వైపు మూడంతస్తుల బిల్డింగు. కింద షాపులు, పైన ఓనరు కుటుంబం, నడిమి అంతస్తు మనకి. ఓనరు చెప్పిన కొలత 2,300 చదరపు అడుగులు, టేపుకి వచ్చింది 1,800. అడుగుకి 20 చొప్పున నెలకి 46,000 అడుగుతున్నారు. లోపలి కొలత మీద అది పాతిక రూపాయలు దాటింది. నడకదారి, మీటింగ్ రూము, ప్యాంట్రీ అన్నీ కలిపి సీటుకి 45 అడుగులు వేసుకుంటే 40 సీట్లు పడతాయి. అన్నీ నిండితే సీటుకి అద్దె భారం 1,150, సగమే నిండితే 2,300. ఇవి లెక్క నేర్చుకోడానికి వేసిన అంకెలు, ఊళ్లో రేటు కాదు.

చాలామంది ఇక్కడే "నలభై వేలకి చేసుకోండి" అంటూ మొదలుపెడతారు. అద్దె అంకె ఆఖర్న మాట్లాడాలి. అది కుదిరిందంటే బేరం అయిపోయిందనే ఓనరు లెక్క. ఆ తర్వాత ఏం అడిగినా కొసరు అడిగినట్టే ఉంటుంది.

సీట్లు ఇచ్చే హక్కు

డాక్యుమెంటు రైటరు కంప్యూటర్లో ఉండే అద్దె ఒప్పందంలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "అద్దెదారు ఇతరులకు సబ్ లీజుకు ఇవ్వరాదు." అంటే అద్దెకు తీసుకున్న చోటుని మళ్లీ ఇంకొకరికి అద్దెకివ్వకూడదని. బట్టల షాపుకి దాంతో పేచీ లేదు. కోవర్కింగ్‌కి మాత్రం ఆ ఒక్క వాక్యంతో వ్యాపారమే ఒప్పంద ఉల్లంఘన అయిపోతుంది. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో వద్దని రాయకపోతే అద్దెదారు సబ్ లీజుకి ఇవ్వొచ్చు. వద్దని రాసి సంతకం పెడితే ఆ హక్కు పోయినట్టే. ఆ వాక్యం కొట్టేయమంటే ఓనరు బెదురుతారు కాబట్టి దాన్ని ఉంచి, కిందే ఇది చేర్చమనండి:

"అద్దెదారు తన వ్యాపారంలో భాగంగా సభ్యులకు సీట్లు, క్యాబిన్లు, మీటింగ్ రూములు రుసుముపై వాడుకోనివ్వవచ్చును. ఇది అనుమతి మాత్రమే, సబ్ లీజు కాదు. సభ్యులకు ఈ ఆస్తిపై ఏ హక్కూ సంక్రమించదు. ఈ ఒప్పందం ముగిసిన రోజునే వారి అనుమతులూ ముగియును."

ఓనరు అసలు భయానికి జవాబు ఆ చివరి వాక్యంలో ఉంది. "పది కంపెనీలోళ్లని కూర్చోబెడితే రేపు ఖాళీ చేయమని ఎవర్ని అడగాలి బాబూ?" అంటారు. "నన్నొక్కణ్ణే అడగండి, అందర్నీ ఖాళీ చేయించే పూచీ నాది" అని చెప్పి ఈ వాక్యం చదివి వినిపించండి.

చిన్న కంపెనీలు జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి మీ అడ్రసు వాడుకుంటాయి. దానికి కరెంటు బిల్లు కాపీ, ఓనరు నిరభ్యంతర పత్రం అడుగుతారు. అడిగిన 7 రోజుల్లో ఇవ్వాలని ఇప్పుడే రాయించండి. సభ్యుడు చేరాక అడిగితే ఒక్కో సంతకం కోసం మేడ మెట్లు ఎక్కి దిగాల్సిందే.

ఇంకో మాట, చిన్నదిలా కనిపిస్తుంది గానీ కాదు. ఓనరు పైనే ఉంటే రాత్రి పదికి గేటుకి తాళం పడుతుంది. అమెరికా కంపెనీలకి పనిచేసే వాళ్లకి పని మొదలయ్యేదే ఆ వేళకి. 24 గంటల రాకపోకలు, గేటు తాళం రెండో చెవి, ముందు గోడ మీద బోర్డు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లకీ జనరేటరుకీ చోటు: ఇవన్నీ ఒప్పందంలోకి ఎక్కాలి.

లాక్-ఇన్, రిజిస్ట్రేషన్

కుర్చీలు, ఏసీలు వెళ్లేటప్పుడు పట్టుకుపోవచ్చు. ఫాల్స్ సీలింగు, వైరింగు, గ్లాసు పార్టిషన్లు ఆ గోడలకే ఉండిపోతాయి. ఇలా ఉండిపోయేవాటికి 6 లక్షలు పెట్టారనుకోండి. 60 నెలలకి పంచితే నెలకి 10,000. ఏడాదికే ఖాళీ చేయమంటే 4,80,000 పోయినట్టు. అందుకే లాక్-ఇన్ (ఆ గడువులోపు ఒప్పందం తెంచకూడదన్న షరతు) ఓనరుకి 5 ఏళ్లు, మనకి 18 నెలలు, ఆపైన 3 నెలల నోటీసు అడగాలి. "మీకో రూలు, మాకో రూలా?" అంటారు. మనం వెళ్లిపోతే ఓనరుకి కొత్త మనిషి దొరికేదాకా రెండు మూడు నెలల అద్దె నష్టం, దానికి అడ్వాన్సు వాళ్ల చేతిలోనే ఉంది. వాళ్లు పంపేస్తే మన డబ్బు గోడకి అంటుకుపోయి ఉంటుంది. ఈ తేడా చెబితే మన లాక్-ఇన్ 24 నెలల దగ్గర తెగడం కష్టం కాదు. మధ్యలో వెళ్తే మిగిలిన లాక్-ఇన్ అద్దె మొత్తం కట్టాలన్న షరతుకి మాత్రం ఒప్పుకోకండి. 3 నెలలకి మించకుండా రాయించండి.

ఇదంతా నిలవాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏడాది దాటిన లీజుకి అది తప్పనిసరి. స్టాంపు పేపరు మీద అయిదేళ్లని రాసుకుని బీరువాలో పెట్టుకుంటే, తగువు కోర్టుకెక్కిన రోజు లాక్-ఇన్‌కి ఆ కాగితం సాక్ష్యంగా పనికిరాదు. నెలనెలా అద్దెగానే లెక్కకట్టి, 15 రోజుల నోటీసుతో పొమ్మనొచ్చు. వేరే మాట రాసుకోకపోతే స్టాంపు డ్యూటీ అద్దెదారు నెత్తినే పడుతుంది, సగం సగం అని అడగండి.

పెంపు, పన్ను

"ఏటా 5 శాతం" అన్నా "మూడేళ్లకోసారి 15 శాతం" అన్నా ఒకటేనని తలూపేస్తారు. లెక్క వేయండి. ఏటా అయితే రెండో ఏడు 48,300, మూడో ఏడు 50,715. రెండో పద్ధతిలో మూడేళ్లూ 46,000 దగ్గరే ఉంటుంది. మూడేళ్లలో తేడా 84,180. నాలుగో ఏడు రెండూ 53 వేల దగ్గర కలుస్తాయి. ఇంటీరియరు పనికి అద్దె లేని 60 రోజులు అడిగితే ఇంకో 92,000 మిగులుతుంది. ఆ రోజులు సంతకం నాటి నుంచి కాదు, తాళంచెవితో పాటు త్రీ ఫేజ్ కమర్షియల్ మీటరు చేతికొచ్చిన నాటి నుంచి లెక్కించాలి. కరెంటు లేకుండా వడ్రంగి రంపం తిరగదు.

"నా చేతికి 46,000 రావాలి" అన్న మాట కాగితం ఎక్కితే, అద్దె పెరిగి నెలకి 50,000 దాటాక దాని మీద కోసే టీడీఎస్ (ఓనరు తరఫున ముందే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) కూడా మీరే భరించాల్సి వస్తుంది. "చట్టప్రకారం కోతలకు లోబడి" అని రాయించండి. ఓనరుకి జీఎస్టీ నంబరు లేక మీకు ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి అద్దె మీద 18 శాతం జీఎస్టీ రివర్స్ చార్జి కింద (అంటే ఓనరు బదులు) మీరే కట్టాలి. ముందు నగదుగా కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి, అంటే మీ వ్యాపారం మీద కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకోవాలి. మొదటి నెలల్లో చేతిలో డబ్బు ఆడకపోయేది ఇక్కడే.

తుఫాను షరతు మర్చిపోకండి. 2014లో హుద్‌హుద్ విజయనగరాన్ని, 2018లో తిత్లీ శ్రీకాకుళాన్ని రోజుల తరబడి చీకట్లో పెట్టాయి. గాలివానకి బిల్డింగు శాశ్వతంగా పనికిరాకుండా పోతే లీజు రద్దు చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. పది రోజులు మూతపడితే అద్దె ఆగుతుందని మాత్రం అందులో లేదు. "వాడుకోలేని రోజులకు అద్దె లేదు" అని విడిగా రాయించాలి.

వచ్చే పాఠం అడ్వాన్సు గురించి. ఈలోపు మీరు చూసిన బిల్డింగు కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాను కాపీలు తెచ్చుకోండి. మూడింట్లో ఓనరు పేరు ఒకేలా ఉందో లేదో, ప్లానులో మీ అంతస్తుని కమర్షియల్ అని చూపించారో లేదో రాసి పెట్టుకోండి.