టెక్స్చర్ చెరగకుండా రంగుల ఫొటో మసక తీయడం

మసక తీయడం ఒక ఎత్తు. బట్ట నేత, గడ్డి, జుట్టు లాంటి సన్నని టెక్స్చర్ పోకుండా తీయడం మరో ఎత్తు. ఎక్కువమంది దెబ్బతినేది ఈ రెండోదాని దగ్గరే.

ముందు ఫొటోని లెక్కకు సిద్ధం చేయాలి. జేపెగ్‌లో ఉండేవి గామా ఎక్కిన విలువలు, అంటే వెలుతురుకి నేరుగా అనుపాతంలో లేకుండా వంచినవి. మసక పడింది మాత్రం లెన్స్ దగ్గర, అసలు వెలుతురుకే. కాబట్టి ప్రతి చానెల్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) విలువనీ 255తో భాగించండి. వచ్చింది 0.04045 దాటకపోతే 12.92తో భాగిస్తే చాలు. దాటితే 0.055 కలిపి, 1.055తో భాగించి, 2.4వ ఘాతం తీయండి. ఈ పని ఎగ్గొడితే దీపాల చుట్టూ, తెల్లని అంచుల పక్కన నల్లటి వలయాలు తేలతాయి.

మసక తీసే లెక్క ఎఫ్ఎఫ్‌టీతో (చిత్రాన్ని అలలుగా విడదీసే వేగమైన ఫూరియర్ లెక్క) నడుస్తుంది. అందులో ఫొటో కుడి అంచు ఎడమ అంచుకి అతుక్కుని ఉన్నట్టే. అందుకే నాలుగు వైపులా మసక కెర్నెల్ (ఒక చుక్క వెలుతురు ఎలా పరుచుకుందో చెప్పే చిన్న పట్టిక) వెడల్పంత అద్దంలో ప్రతిబింబంలా పొడిగించి, చివర్లో కత్తిరించేయండి.

నాయిస్ (ఫొటోలో చేరే చెదురుమదురు గింజ) కొలవడానికి ఆకాశమో ఖాళీ గోడో ఉన్న చోటు ఎంచుకోండి. ప్రతి 2×2 గడిలో ఒక ఐమూల జత మొత్తంలోంచి రెండో జత మొత్తం తీసి 2తో భాగించండి. ప్లస్, మైనస్ గుర్తులు వదిలేసి, అన్నిటి మీడియన్‌ని (వరుసలో నడిమి విలువని) 0.6745తో భాగిస్తే సిగ్మా, అంటే నాయిస్ కొలత, వస్తుంది. టెక్స్చర్ మీద కొలిస్తే నేతే నాయిస్‌గా లెక్కకెక్కుతుంది.

ఇక పద్ధతి. రుడిన్, ఓషర్, ఫతేమి 1992లో ఇచ్చిన టోటల్ వేరియేషన్ (పక్కపక్క పిక్సెళ్ల తేడాల మొత్తాన్ని ఖరీదుగా పట్టి తగ్గించే పద్ధతి) పదును అంచుల్ని బాగా నిలుపుతుంది, టెక్స్చర్‌ని మాత్రం తినేస్తుంది. ఎందుకో ఒక్క వరుసలో చూడండి. 256 పిక్సెళ్ల వరుసలో 0.5 ఎత్తున్న అంచు ఒకటి ఉంటే దాని ఖరీదు 0.5. అదే వరుసలో 4 పిక్సెళ్లకోసారి 0.05 ఎత్తుకు లేచి దిగే నేత ఉంటే 64 × 0.1, అంటే 6.4! ఖరీదు తగ్గించడమే లెక్క పని కనుక ముందు నేతకే కోత పడుతుంది.

రంగులకు మూడు చానెళ్లనీ విడివిడిగా నడపకండి. అంచు ఒక్కో రంగులో ఒక్కోచోట నిలిచి రంగు మరకలు పడతాయి. ఆ ఖరీదు తగ్గించడానికి 2009లో గోల్డ్‌స్టీన్, ఓషర్ ఇచ్చిన స్ప్లిట్ బ్రెగ్‌మన్ పద్ధతిలో ప్రతి రౌండ్‌కీ మూడు పనులు: ఎఫ్ఎఫ్‌టీలో భాగహారంతో కొత్త చిత్రం కట్టడం, గ్రేడియంట్‌ని (పక్క పిక్సెళ్లతో తేడాల్ని) కుదించడం, మిగిలిన తేడాని తర్వాతి రౌండ్‌కి కూడబెట్టడం. కుదింపు దగ్గరే చానెళ్లు కలుస్తాయి. ఒక పిక్సెల్‌కి మూడు రంగులు, రెండు దిక్కులు కలిపి ఆరు తేడాలుంటాయి. వాటి వర్గాల మొత్తానికి వర్గమూలం 0.05, హద్దు 0.02 అనుకుందాం. ఆరింటినీ 0.6తో గుణించండి. వర్గమూలం హద్దు లోపలే ఉంటే ఆరూ సున్నా. చిత్రంలో మార్పు 0.0001 వంతు కన్నా తగ్గాక ఆపండి.

నేతని కాపాడాలంటే గిల్బోవా, ఓషర్‌ల నాన్‌లోకల్ టోటల్ వేరియేషన్ (2008) వైపు వెళ్లడమే మేలు. ఇది ప్రతి పిక్సెల్‌నీ పక్క పిక్సెల్‌తో బదులు, 21×21 కిటికీలో తనలాంటి 5×5 ముక్కలున్న పది పిక్సెళ్లతో పోలుస్తుంది. తిరిగొచ్చే నేతకి ఖరీదు ఇట్టే పడిపోతుంది. ముక్కల పోలికని మసక ఫొటో మీద చేయకండి, వీనర్ ఫిల్టర్‌తో (నాయిస్‌ని లెక్కలోకి తీసుకుని ఒకే దెబ్బలో మసక తీసేది) ఒకసారి తేల్చిన చిత్రం మీద చేయండి. ఇక్కడ ఎఫ్ఎఫ్‌టీ భాగహారం ఒక్కటే సరిపోదు, ఆ మెట్టుకి కాంజుగేట్ గ్రేడియంట్ (సమీకరణాల జవాబుకి అడుగడుగునా దగ్గరయ్యే పద్ధతి) వాడాలి.

లాంబ్డా అంటే ఖరీదుతో పోలిస్తే ఫొటో డేటాకి ఇచ్చే బరువు. దాని విలువ ఊహించి పెట్టకండి. వచ్చిన చిత్రాన్ని మళ్లీ మసక చేసి, మొదటి ఫొటోలోంచి తీసేయండి. మిగిలినదాని సగటు వర్గం సిగ్మా వర్గానికి దగ్గరపడాలి. ఆ మిగులుని పదింతలు పెంచి కళ్లతో కూడా చూడండి: అందులో గడ్డి పోచలు కనిపిస్తున్నాయంటే డేటా వైపు లాంబ్డా చాలలేదు.

ఒక్కటి మాత్రం ఏ పద్ధతీ తిరిగి తేలేదు. కెమెరా అడ్డంగా సమవేగంతో 8 పిక్సెళ్లు కదిలితే, 8 లేదా 4 పిక్సెళ్లకోసారి వచ్చే నిలువు చారలు పూర్తిగా సున్నా అయిపోతాయి. ఫలితంలో అక్కడ చారలు కనిపిస్తే అవి ఫొటోలోవి కావు, లెక్క పుట్టించినవి.