ఆర్డరు వచ్చింది సరే, డబ్బు వచ్చిందా? చేతివృత్తుల వారు ఆన్‌లైన్ మోసాల నుంచి తప్పించుకునే పద్ధతి

ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేవారైనా, పోచంపల్లిలో చీరలు నేసేవారైనా, పెడనలో కలంకారీ అద్దేవారైనా ఇవాళ సరుకు ఫొటోలను ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో పెట్టి, కింద తమ ఫోన్ నంబరు ఇవ్వక తప్పడం లేదు. ఆ నంబరు కొనేవారికి ఎంత సులువుగా అందుతుందో మోసగాడికీ అంతే సులువుగా అందుతుంది. పెద్ద కంపెనీలో ఆర్డరు రాసుకునేవారు ఒకరు, డబ్బు సరిచూసేవారు ఒకరు, సరుకు పంపేవారు ఇంకొకరు ఉంటారు. ఇంటిపట్టున సాగే చేతిపనిలో ఈ మూడూ ఒక్కరే, అదీ పని మధ్యలో, చేతికి అంటిన రంగు తుడుచుకుంటూ చూసుకోవాలి. మోసగాడు కనిపెట్టుకుని ఉండేది ఆ సమయం కోసమే. కాబట్టి ఆర్డరు ఎంత నమ్మకంగా కనిపిస్తోందని ఆలోచించడం కంటే, డబ్బు ఎటు నుంచి ఎటు కదులుతోందని గమనించడం మంచిది. మాటలు, ఫొటోలు, గుర్తింపు కార్డులు ఎన్నైనా సృష్టించవచ్చు గానీ బ్యాంకు ఖాతాలో లేని డబ్బును ఉన్నట్లు సృష్టించలేరు.

బేరమాడని కొనుగోలుదారు

లక్క కుంకుమ భరిణెలు చేసే ఒక కుటుంబానికి వచ్చే నకిలీ ఆర్డరు సాధారణంగా ఇలా సాగుతుంది. ముందుగా వాట్సాప్‌లో ఒక సందేశం వస్తుంది. డీపీలో సైనిక దుస్తుల్లో ఉన్న వ్యక్తి ఉంటాడు. తాను ఫలానా కంటోన్మెంట్‌లో పనిచేస్తున్నానని, యూనిట్‌లో జరిగే కార్యక్రమానికి 300 భరిణెలు కావాలని, శుక్రవారానికల్లా అందాలని చెబుతాడు. ధర చెప్పగానే ఒప్పుకుంటాడు. కాసేపటికి అడగకుండానే గుర్తింపు కార్డు ఫొటో, ఆధార్ ఫొటో పంపుతాడు. ఆ పైన, మా అకౌంట్స్ విభాగం వారు ఫోన్ చేస్తారని అంటాడు. ఆ రెండో గొంతు, "మా పద్ధతి ప్రకారం ముందు మీ ఖాతాను సరిచూడాలి, మీరు ఒక్క రూపాయి పంపండి, రెండు రూపాయలు తిరిగి వస్తాయి" అని చెబుతుంది. నిజంగానే రెండు రూపాయలు వస్తాయి. దాంతో నమ్మకం కుదురుతుంది. తరువాత వచ్చే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి, అందులో కనిపించే మొత్తానికి పిన్ కొట్టమంటారు. పిన్ కొట్టిన మరుక్షణం డబ్బు వెళ్లిపోతుంది. "పొరపాటు జరిగింది, ఇంకోసారి స్కాన్ చేస్తే రెండూ కలిపి వస్తాయి" అని రెండోసారి కూడా లాగుతారు.

ఇక్కడ అసలు ఆనవాలు గుర్తింపు కార్డులో దొరకదు, సంభాషణలో దొరుకుతుంది. నిజంగా భరిణెలు కొనదలచినవారు మూత బిగుతుగా ఉంటుందా, ఎరుపు మరీ ముదురుగా ఉంటుందా, కుంకుమ తగిలితే లక్క పాడవుతుందా, వందకు పైగా తీసుకుంటే ఎంతకిస్తారు అని అడుగుతారు. నకిలీ మనిషికి సరుకుతో పని లేదు కాబట్టి మొత్తం ఎంత, ఎలా పంపాలి అన్న రెండే ప్రశ్నలు వేస్తాడు. ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు: ఫొటోలోని భరిణెల్లో ఏ నమూనా కావాలో, లోపలి వెడల్పు ఎంత ఉండాలో చెప్పమనండి. సమాధానం దాటవేసి మళ్లీ చెల్లింపు మాటకే వస్తే ఆర్డరును పక్కన పెట్టవచ్చు. సైన్యమైనా, మరే ప్రభుత్వ శాఖైనా చిన్న వ్యాపారికి డబ్బు ఇవ్వడానికి ముందుగా అతని దగ్గరే డబ్బు తీసుకోదు. అధికారులు సొంతానికి కొనుక్కున్నా అందరిలాగే చెల్లిస్తారు.

పిన్, స్క్రీన్‌షాట్, యూటీఆర్

యూపీఐలో చెల్లింపు తెరపై పిన్ కొట్టడం అంటే మన ఖాతాలోంచి డబ్బు ఇవ్వడానికి అనుమతించడమే. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు, లింకు నొక్కనక్కర్లేదు. డబ్బు పంపమని ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి యూపీఐలో పంపే కలెక్ట్ అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపించింది గానీ, క్యూఆర్ కోడ్ దారి తెరిచే ఉంది కాబట్టి ఈ నియమం ఇంటిల్లిపాదికీ తెలియాలి. మీ ఫోన్ ఎత్తే పిల్లలకు, పెద్దలకు ముందుగా తెలియాలి.

స్క్రీన్‌షాట్ చెల్లింపుకు రుజువు కాదు. పచ్చటి టిక్కుతో, మీ పేరుతో, గంట నిమిషాలతో సహా నకిలీ తెరను తయారుచేసే యాప్‌లు ఉన్నాయి. బ్యాంకు నుంచి వచ్చినట్లు కనిపించే ఎస్సెమ్మెస్‌ను కూడా మామూలు మొబైల్ నంబరు నుంచి పంపుతారు. బ్యాంకు యాప్ తెరిచి, మినీ స్టేట్‌మెంట్‌లో ఆ మొత్తం జమ అయిందో లేదో చూడటమే సరైన పద్ధతి. యాప్ వాడని వారు బ్యాంకు మిస్డ్ కాల్ నంబరుకు రింగ్ ఇచ్చి నిల్వ తెలుసుకోవచ్చు. దుకాణంలోనే అమ్మేవారికి సౌండ్‌బాక్స్ అద్దె దండగ కాదు. మనం ఇంకో పనిలో ఉన్నా జమ అయిన మొత్తాన్ని అది పైకి చెబుతుంది.

"నెఫ్ట్ (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే పద్ధతి) చేశాను, రెండు రోజుల్లో పడుతుంది, ఈలోగా సరుకు పంపండి" అన్న మాట కూడా తరచుగా వినబడుతుంది. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్ రోజుకు 24 గంటలూ, సెలవు రోజుల్లో కూడా, అరగంటకొక విడతగా నడుస్తోంది. మామూలుగా కొద్ది గంటల్లోనే డబ్బు చేరుతుంది కాబట్టి ఆదివారం సాకు ఇప్పుడు చెల్లదు. ప్రతి బదిలీకీ బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన యూటీఆర్ నంబరు అడిగి తీసుకుని బ్యాంకులో చూపిస్తే నిజం తేలుతుంది. కానీ ఆ నంబరు మీ చేతిలో ఉన్నంత మాత్రాన డబ్బు వచ్చినట్లు కాదు. చెక్కు సంగతీ అంతే: ఖాతాలో వేసిన చెక్కు తాలూకు మొత్తం తెరపై కనిపించినా, అది క్లియర్ అయ్యేదాకా మీది కాదు.

ఎక్కువ పంపామని చెప్పేవారు

ఇది కొంచెం నెమ్మదిగా అర్థం చేసుకోవలసిన మోసం. అయిదు వేల ఆర్డరుకు పొరపాటున యాభై వేలు పంపామని, మిగిలిన నలభై అయిదు వేలు వెంటనే వేరే నంబరుకు తిరిగి పంపమని, ఆసుపత్రి ఖర్చుల కోసం దాచుకున్న డబ్బని ఏడుస్తూ ఫోన్ చేస్తారు. చాలాసార్లు అసలు ఏమీ వచ్చి ఉండదు, వచ్చింది నకిలీ ఎస్సెమ్మెస్ మాత్రమే. కొన్నిసార్లు మాత్రం డబ్బు నిజంగానే వస్తుంది, అయితే అది మరొక బాధితుడి ఖాతా నుంచి దొంగిలించిన డబ్బు. మీరు దాన్ని మోసగాడు చెప్పిన నంబరుకు పంపితే దొంగసొమ్మును చేరవేసిన వారిగా లెక్కకు వస్తారు. ఆ బాధితుడు ఫిర్యాదు చేసినప్పుడు స్తంభించేది మీ ఖాతా. అందువల్ల ఎక్కువ మొత్తం వస్తే ముట్టుకోకూడదు. మీ బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి, పంపిన వారిని వారి బ్యాంకు ద్వారానే వెనక్కి అడగమనాలి. నిజంగా పొరపాటు చేసినవారైతే ఈ దారికి అభ్యంతరం చెప్పరు. తిట్టేవారు, పోలీసులకు చెబుతామని బెదిరించేవారు ఎవరో మీరే ఊహించుకోవచ్చు.

కంపెనీ పేరుతో వచ్చే పెద్ద ఆర్డర్లు

దీపావళి ముందు కార్పొరేట్ కానుకల పేరుతో పర్చేజ్ ఆర్డర్లు వస్తాయి. లెటర్‌హెడ్, ముద్ర, సంతకం, జీఎస్టీ నంబరు అన్నీ ఉంటాయి. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని సూచిస్తాయి, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తరువాతి పది పాన్ నంబరు. హైదరాబాద్ కంపెనీ అని చెబుతూ వేరే రాష్ట్రపు అంకెలతో బిల్లు అడిగితే కారణం కనుక్కోవాలి. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఈ నంబరు వెతికితే వ్యాపారం పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ అమల్లో ఉందో రద్దయిందో కనిపిస్తాయి.

అయితే తెలివైన మోసగాడు నిజమైన కంపెనీ నంబరునే వాడుకుంటాడు, కాబట్టి అక్కడితో ఆగకూడదు. ఆర్డరు కాగితంపై ఉన్న ఫోన్ నంబరుకు కాకుండా, ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఇలాంటి ఆర్డరు ఇచ్చారా అని అడగాలి. ఈమెయిల్ చిరునామాలో కంపెనీ పేరు పక్కన ఒక అక్షరం ఎక్కువో తక్కువో ఉందేమో చూడాలి. సరుకును కంపెనీ ఆఫీసుకు కాకుండా ఏదో ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌కు, అదీ అరువు మీద పంపమంటే ఒప్పుకోకూడదు. వెండర్ రిజిస్ట్రేషన్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్ అని ముందుగా డబ్బు అడిగినా అంతే.

ఇదే వరసలో మరో రకం ఉంది: హస్తకళల ప్రదర్శనలో స్టాలు ఇప్పిస్తామని, చేతివృత్తుల వారి కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో రుణం మంజూరైందని చెప్పి ప్రాసెసింగ్ ఫీజు అడగడం. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఆ పథకంలో నమోదు కామన్ సర్వీస్ సెంటర్ల ద్వారా ఉచితంగా జరుగుతుంది. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కూ ప్రభుత్వ పోర్టల్‌లో రుసుము లేదు, డబ్బు అడిగే సైట్లు ప్రైవేటువి.

బయానా ఎంత తీసుకోవాలి

సిద్ధంగా ఉన్న సరుకుకు పూర్తి డబ్బు జమ అయ్యాకే పార్సిల్ కట్టాలి. చేయించుకునే సరుకు విషయంలో సగం బయానా అన్న వాడుక ఉంది గానీ, నా దృష్టిలో అది అన్ని పనులకూ సరిపోదు. వధూవరుల పేర్లు రాసిన బొమ్మను ఇంకెవరూ కొనరు. పోచంపల్లి ఇక్కత్‌లో నూలును కట్టి రంగులద్దే దశలోనే డిజైన్ ఖరారైపోతుంది, మగ్గం ఎక్కాక మార్చడం సాధ్యం కాదు. కాబట్టి కొనుగోలుదారు చివరి నిమిషంలో మాయమైనా ముడిసరుకు ఖర్చు, కూలి రెండూ గిట్టేంత మొత్తం నూలు కట్టక ముందే చేతికందాలి. మిగిలినది, తయారైన సరుకు వీడియో చూపించిన తరువాత, పంపడానికి ముందు తీసుకోవాలి. ఇలా అడిగితే మంచి కొనుగోలుదారులు పోతారేమోనని చాలామంది మొహమాటపడతారు. చేతిపని విలువ తెలిసినవారు బయానాకు వెనకాడటం అరుదు.

క్యాష్ ఆన్ డెలివరీలో మోసం వేరే విధంగా ఉంటుంది. తప్పుడు చిరునామాలతో ఆర్డర్లు పెట్టి తీసుకోకుండా వెనక్కి పంపిస్తే రానుపోను ఖర్చు మీ మీదే పడుతుంది. నూరో రెండు వందలో ముందుగా యూపీఐ ద్వారా తీసుకుంటే ఇలాంటివి చాలావరకు తగ్గుతాయి. ఇక అసలు చీర ఉంచుకుని పాత చీర తిప్పి పంపే వారి కోసం, ప్యాక్ చేసేటప్పుడు సరుకు, తూకం, అతికించిన కొరియర్ చీటీ ఒకే వీడియోలో పడేలా తీయాలి. తిరిగి వచ్చిన పార్సిల్‌నూ కెమెరా ముందే విప్పాలి.

విదేశీ ఆర్డర్లలో మూడు ప్రమాదాలు ఉన్నాయి. మొదటిది, విదేశీ చెల్లింపుల సేవ పేపాల్ నుంచి వచ్చినట్లుండే నకిలీ ఈమెయిల్: డబ్బు జమ అయింది, ట్రాకింగ్ నంబరు ఇస్తేనే విడుదల చేస్తామని అందులో ఉంటుంది. ఈమెయిల్‌లోని లింకు నొక్కకుండా యాప్‌లో నేరుగా లాగినై చూస్తే అక్కడ ఏమీ ఉండదు. రెండోది, దొంగిలించిన కార్డుతో చెల్లింపు. అసలు కార్డుదారు నెలల తరువాత అభ్యంతరం చెప్పినా డబ్బు వెనక్కి పోతుంది, సరుకు అప్పటికే వెళ్లి ఉంటుంది. మూడోది, ఎక్కువ మొత్తం చెల్లించి, అందులోంచి తమ షిప్పింగ్ ఏజెంటుకు మీరే డబ్బు పంపమనడం. కొనేవారి ఏజెంటుకు మీరు డబ్బు ఇచ్చే అవసరం ఎప్పుడూ రాదు. చేతిపనుల సరుకు అమ్మే ఎట్సీ వంటి ఆన్‌లైన్ వేదికల్లో వచ్చిన వారు వెంటనే వాట్సాప్‌కు రమ్మన్నా, ఖాతా ధ్రువీకరణకంటూ క్యూఆర్ కోడ్ పంపినా, ఆ వేదిక ఇచ్చే రక్షణ బయట ఉండదని గుర్తుంచుకోవాలి.

కొరియర్ పేరుతో వచ్చే ఫోన్లు

రోజూ పార్సిళ్లు పంపేవారికి కొరియర్ ఫోన్ మామూలే కనుక ఈ వల సులువుగా బిగుస్తుంది. చిరునామా సరిచేయడానికి *21* తోనో *401* తోనో మొదలయ్యే నంబరు డయల్ చేయమంటే, అది మీ కాల్స్‌ను వారి ఫోన్‌కు మళ్లించే కోడ్. ఓటీపీ కాల్స్ కూడా వారికే పోతాయి. పొరపాటున డయల్ చేసి ఉంటే చాలా నెట్‌వర్కుల్లో ##002# కొడితే మళ్లింపు రద్దవుతుంది. ఇన్వాయిస్ పేరుతోనో, పెళ్లి శుభలేఖ పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (తెరిస్తే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) తెరవకూడదు. ఇన్వాయిస్ పీడీఎఫ్‌లోనో ఫొటోలోనో వస్తుంది తప్ప యాప్ రూపంలో రాదు.

డబ్బు పోయినప్పుడు

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకే లోపు ఆపగలిగితేనే దక్కే ఆశ ఉంటుంది కనుక, ముందుగా ఇంట్లో చర్చించి, రేపు చూద్దాం అనుకుంటే ఆ అవకాశం జారిపోతుంది. ఫోన్ చేసేటప్పుడు మీ ఖాతా నంబరు, పోయిన మొత్తం, తేదీ, సమయం, యూపీఐ లావాదేవీ 12 అంకెల నంబరు, మోసగాడి ఫోన్ నంబరు దగ్గర ఉంచుకోవాలి. తరువాత జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తిచేసి, రసీదు నంబరు రాసుకుని, మీ బ్యాంకుకూ తెలియజేయాలి. పిన్ మీరే కొట్టారు కాబట్టి బ్యాంకు తనంతట తాను భర్తీ చేస్తుందని ఆశించలేము. సిగ్గుతోనో కోపంతోనో వాట్సాప్ సంభాషణను తుడిచేయవద్దు, ఆ నంబరును బ్లాక్ చేసినా సందేశాలను అలాగే ఉంచాలి. డబ్బు పోకముందే అనుమానం కలిగితే సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో ఆ ఫోన్ కాల్‌ను, సందేశాన్ని నమోదు చేయవచ్చు.

సరుకు తీసుకుని డబ్బు ఎగవేస్తున్న నిజమైన కొనుగోలుదారు సంగతి వేరు, దానికి 1930 కాకుండా ఇంకో దారి ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) అభివృద్ధి చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదు. ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న తయారీదారులు ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. ఇందుకు సరుకు అందినట్లు సంతకం చేసిన చలానా, బిల్లు కావాలి. కనుక సరుకు ఇచ్చేటప్పుడే వాటిపై సంతకం తీసుకుని ఫైల్లో పెట్టుకోవాలి.